దింపుడు కళ్ళం రాయి

ఇక ఈ ఊరి శవాన్ని ముట్టేది లేదని మదార్ తెగేసి చెప్పాడు.

అతని గురువు యూనుస్ బాబా కూర్చుని తోపుడు బండి చక్రం తుడుస్తున్నాడు. వయసులో ఉండగా ఖర్జూరం ఓడలో బస్రా నుంచి ఈ రేవుకొచ్చి ఇక్కడే ఉండిపోయిన మనిషి ఆయన. దిక్కులేని శవం ఏ మతానిదైనా తోపుడు బండి మీద వేసుకుని, వాళ్ళ ఆచారం ప్రకారమే సాగనంపేవాడు. కలరా వచ్చిన ఏడాది కన్నకొడుకులే తలుపులు మూసుకుంటే, ఆ తల్లులను మోసింది ఈ గురుశిష్యులే.

నిన్న బాబా భార్య జైనబ్ పోయింది. ఊరికి సరిగ్గా నిన్ననే ఎక్కడలేని పనులూ వచ్చిపడ్డాయి. పెద్దవీధివాళ్ళు తురక శవాన్ని ముట్టమన్నారు. మసీదువాళ్ళు కాఫిర్ల పాడెలు మోసినవాడి ఇంటికి రామన్నారు. చివరికి ఆమెనూ ఆ బండి మీదే వీళ్ళిద్దరే తీసుకెళ్ళారు.

"అమ్మను మొయ్యడానికి నలుగురు దొరకలేదు బాబా! వీళ్ళూ మనుషులేనా?" అన్నాడు మదార్.

ఇంతలో తలారి వచ్చాడు. "సత్రం అరుగు మీద ఎవరో ముసలమ్మ పోయింది బాబా. నుదుట బొట్టుంది, మావాళ్ళ మనిషే. పేరూ ఊరూ తెలీదు."

"అయితే మీవాళ్ళే మొయ్యండి," అన్నాడు మదార్.

బాబా లేచి ఒక్కడే బండి తీశాడు. సత్రం దగ్గర శవాన్ని ఎక్కించుకుని వెళ్తుంటే శ్మశానం దారిలో చక్రం ఇసుకలో దిగబడింది. ముసలాయన రొప్పుతుంటే చూడలేక, వెనకాలే వచ్చిన మదార్ తిట్టుకుంటూనే చెయ్యి వేశాడు.

కాస్త ముందు దింపుడు కళ్ళం రాయి ఉంది. హిందువులు అక్కడ శవాన్ని దించి, చెవిలో పేరు పెట్టి మూడుసార్లు పిలుస్తారు. లేస్తారేమోనని చివరి ఆశ. బాబా ఎప్పటిలాగే అక్కడ బండి ఆపించి శవాన్ని దింపించాడు.

"పేరే తెలీదుగా, ఏమని పిలుస్తారు?" అన్నాడు మదార్ వెటకారంగా.

బాబా మోకాళ్ళ మీద కూర్చుని ఆ ముసలమ్మ చెవి దగ్గరికి వంగాడు.

"జైనబ్," అన్నాడు. "జైనబ్!"

మూడోసారి పిలవబోయి ఆగాడు. ఆ మొహం మీది ఇసుక తుడిచాడు.

"నిన్న పిలుద్దామంటే మనకి ఈ ఆచారం లేదు కదరా," అన్నాడు.

మదార్ వచ్చి ఆయన పక్కన కూర్చున్నాడు. మూడో పిలుపు అతనే పిలిచాడు.

"అమ్మా!"

ఎవరూ పలకలేదు. ఇద్దరూ కలిసి శవాన్ని మళ్ళీ బండి మీదికెత్తారు.