లడ్డూలకు రాని నాలుగొందల మంది

పెసరకోట రాజు గజపాలుడికి ఏదైనా మోజు పుట్టిందంటే ఊరందరికీ నిద్ర కరువే. ఈసారి పుట్టింది ఆన్‌లైన్ పాఠాల మోజు. విశ్వవిద్యాలయం గురువులంతా ఇళ్లలో కూర్చుని ఫోన్లోనే పాఠం చెప్పాలన్నాడు. నెల తిరక్కుండానే ఇంకో ఆజ్ఞ వేశాడు.

"క్లాసులో జనం తక్కువున్న గురువుని రేపటితో పంపించేస్తాం!"

తర్కం చెప్పే విశ్వంభర పండితుడు మీసం మెలేశాడు.

"నా క్లాసుకి నాలుగొందల మంది ప్రభూ! ఒక్కడు కదలడు, ఒక్కడు నోరు మెదపడు. అంత భక్తి!"

లెక్కలు చెప్పే మాచమ్మగారికి తొమ్మిదిమందే. వాళ్లూ "అమ్మా, వినబడట్లేదు", "అమ్మా, మళ్లీ చెప్పండి" అంటూ ఒకటే గోల. మధ్యలో కుక్కర్ కూతలు. ఇరవయ్యేళ్ల కొలువు పోతోందని పాపం ఆవిడ కళ్లొత్తుకుంది.

విదూషకుడు చిట్టెప్పకి లెక్కలు నేర్పింది ఆవిడే. చూస్తూ ఊరుకోలేకపోయాడు.

"ప్రభూ, ఇంత మంచి శిష్యులకి లడ్డూలైనా పెట్టొద్దూ? రేపు గురువులిద్దరూ పాఠం మధ్యలో ఒక్కసారి నోటితో చెబితే చాలు. కోట గుమ్మం దగ్గర లడ్డూలు, ఇప్పుడే రండి అని."

"నావాళ్లకి ఐదొందలు చేయించండి, తలా ఒకటి చాలదు!" అన్నాడు పండితుడు.

మర్నాడు ఇద్దరూ చెప్పారు. మాచమ్మగారి తొమ్మిదిమందీ అమ్మల్నీ అమ్మమ్మల్నీ వెంటేసుకుని పరుగున వచ్చారు. ఒకమ్మాయి లడ్డూ నములుతూనే, "అమ్మా, రెండో లెక్క మళ్లీ చెప్పరూ?" అంది.

పండితుడి క్లాసు నుంచి పురుగు కూడా రాలేదు. పాఠం ముగించి, ఫోను ఆపడం కూడా మరిచి పండితుడే పరుగెత్తుకొచ్చాడు. ఇంకో గంట గడిచింది. ఎదురుచూస్తూ రాజుగారు ఎనిమిది లడ్డూలు లాగించేశారు.

"చూశారా ప్రభూ!" పండితుడు పొంగిపోయాడు. "లడ్డూలు పెడతామన్నా పాఠం వదిలి రాలేదు!"

రాజు మురిసిపోయి మెడలోని ముత్యాలహారం తియ్యబోయాడు. చిట్టెప్ప పండితుడి చేతిలోని ఫోను అందుకుని రాజు ముందు పెట్టాడు. నాలుగొందల పేర్లూ అందులో అలాగే ఉన్నాయి.

"నిజమే ప్రభూ. పాఠం అయిపోయి గంటైంది, గురువుగారే ఇక్కడున్నారు. వాళ్లు మాత్రం ఇంకా క్లాసు వదల్లేదు!"

రాజు ఫోను చూశాడు, పండితుణ్ణి చూశాడు. తొమ్మిదో లడ్డూ నోట్లోంచి ఊడిపడేలా నవ్వాడు. కోటంతా పడీ పడీ నవ్వింది.

హారం మాచమ్మగారి మెడలో పడింది. మిగిలిన లడ్డూల గంప చిట్టెప్పకి దక్కింది.

"మరి నేను ప్రభూ?" అన్నాడు పండితుడు, నీరసంగా.

"రేపట్నుంచి మాచమ్మగారి క్లాసులో పదోవాడివి. కెమెరా ఆన్‌లో పెట్టుకుని కూర్చో!"