గోదురుకప్ప తొక్కిన మందుపిప్పి

ఒకప్పుడు గోదురుకప్ప ఒళ్ళు తామరాకులా నున్నగా ఉండేది. వాన చినుకు పడితే నిలవకుండా జారిపోయేది. దాన్ని చూసి చెరువులో కప్పలు కుళ్ళుకునేవి.

అలాంటి గోదురుకప్ప ఒకటి చీనా దేశంలో, కొండల నడుమ ఒక ఊళ్ళో ఉండేది. పేరు చాన్. లువో అనే వైద్యుడి ఇంట్లో నీళ్ళతొట్టి కింద, తడి నేలలో దాని కాపురం. పగలంతా వైద్యుడి పని చూస్తూ కూర్చునేది.

లువో మంచి వైద్యుడే. మణికట్టు మీద మూడు వేళ్ళు ఆనించి, ఒంట్లో ఎక్కడ ఏం తేడా వచ్చిందో చెప్పేవాడు. మెడ పట్టేస్తే సన్నటి సూదులు గుచ్చేవాడు. నడుము నొప్పికి వెదురు బుడ్లలో మంట చూపించి, ఆ వేడిమీదే వీపుకి బోర్లించేవాడు. జ్వరాలకు వేళ్ళూ బెరళ్ళూ మట్టికుండలో మరిగించి కషాయం ఇచ్చేవాడు.

కషాయం వడగట్టాక మిగిలిన పిప్పిని మాత్రం ఎవరూ పెంటమీద వేసేవాళ్ళు కాదు. బాట మధ్యలో పోసేవాళ్ళు. దాన్ని ఎవరైనా తొక్కితే, రోగి ఒంట్లో మిగిలిన రోగం వాళ్ళ కాళ్ళవెంట పోతుందని నమ్మకం. ఆ రోజుల్లో నిజంగానే పోయేది.

చిక్కల్లా ఒకటే. పోసేవాళ్ళు అందరూ, తొక్కేవాళ్ళు ఎవరూ లేరు. పిప్పి కనబడితే చాలు, బట్టలు ఎత్తిపట్టుకుని పక్కనుంచి పోయేవాళ్ళు.

"అంచులు అరిగిపోయాయి, నడుమ గడ్డి మొలిచింది," అని బాట గొణిగేది. "వీళ్ళకి నేను బాటనా, గోడనా?"

ఒక ఎండాకాలం రోంగ్ అనే ఏడేళ్ళ పిల్లకి జ్వరం వచ్చింది. లువో మందుతో తగ్గింది. పిప్పి బాట మీద పడింది. ఎవరూ తొక్కలేదు. నాలుగోనాడు జ్వరం తిరిగి వచ్చింది. మళ్ళీ మందు, మళ్ళీ పిప్పి, మళ్ళీ జ్వరం. పిల్ల చేతులు చీపురుపుల్లలైపోయాయి.

తల్లి పిల్లని భుజాన వేసుకుని వచ్చింది.

"అయ్యా, ఇంకొక్కసారి వస్తే ఇది దక్కదు. ఆ పిప్పి నేనే తొక్కుతాను."

"ఇంట్లోవాళ్ళు తొక్కితే రోగం గడప దాటదమ్మా. పైవాళ్ళే తొక్కాలి."

"అందరి కాళ్ళూ పట్టుకున్నాను. నీ పిల్ల రోగం మా ఇంటికెందుకన్నారు. పోనీ, మీరు తొక్కండి."

"నేను పడకేస్తే ఊరికి మందెవరు ఇస్తారు?" అన్నాడు లువో. అని, తొట్టి కిందకి చూశాడు. "చాన్, నీ ఒళ్ళే చల్లన. జ్వరం నిన్నేం చేస్తుంది? ఒక్క గెంతు గెంతు."

"నాకేమైనా అయితే?"

"నేనున్నాగా. నీకూ మందు కాస్తాను."

"వెళ్ళకే పిచ్చిదానా," అంది పొయ్యిమీద మట్టికుండ. "నేనున్నాగా అన్నవాళ్ళని రోజుకి పదిమందిని చూస్తాను."

చాన్ పిల్లవంక చూసింది. పిల్ల ఒక కన్ను తెరిచి, మళ్ళీ మూసుకుంది. ఆ పూట మందు పిప్పి బాట మీద పడగానే చాన్ అందులోకి గెంతింది. పిప్పి ఇంకా వేడిగానే ఉంది.

ఆ సాయంత్రం రోంగ్ గంజి అడిగి తాగింది. చాన్ వీపు మీద కొర్రగింజంత బుడిపె లేచింది.

తెల్లారేసరికి ఊరంతా తెలిసిపోయింది. అంతకుముందు దాని పేరు కూడా తెలియనివాళ్ళు "చాన్ పిన్నీ" అంటూ వరసలు కలుపుకొచ్చారు.

"పిన్నీ, మా ఆయన దగ్గు. నీకో లెక్కా?"

"పిన్నీ, నా మోకాళ్ళు."

వద్దంటే, "రోంగ్‌కి తొక్కావుగా! మా వాడేం పాపం చేశాడు?" అనేవాళ్ళు. చాన్ మళ్ళీ బాట మీదికి వెళ్ళేది. తొక్కేది. తొక్కినప్పుడల్లా ఇంకో బుడిపె.

"ఏమే కాకరకాయా!" అని అరిచాయి చెరువులో కప్పలు. "నీళ్ళలోకి దిగకు, మాకంటుకుంటుంది!"

ఆకులు రాలే కాలానికి చాన్ గెంతలేకపోయింది. దేక్కుంటూ లువో ముందుకి వచ్చింది.

"అయ్యా, మాటిచ్చారు."

లువో కాదనలేదు. దాని చేయి మీద మూడు వేళ్ళకి చోటు లేక ఒక్కటే ఆనించి నాడి చూశాడు. ముఖం నల్లబడింది. మూడు రోజులు మందు కాచి, ఆకుదొప్పతో పట్టాడు. ఒంట్లో మంట తగ్గింది.

"సగం పని అయింది," అన్నాడు. "పొద్దు గుంకేలోపు ఈ పిప్పి ఎవరైనా తొక్కితే, నీ ఒళ్ళు మునుపటిలా అయిపోతుంది."

తనే తీసుకెళ్ళి బాట మీద పోశాడు. చాన్ పక్కనే కూర్చుంది. ఊళ్ళో దానికి రుణపడని గడప లేదు. అందుకే భయపడలేదు.

దగ్గు తగ్గినాయన వచ్చాడు. "అయ్యో పిన్నీ, కొత్త చెప్పులు!" అని పక్కనుంచి పోయాడు. మోకాళ్ళావిడ పిప్పిని చూసి ఒక్క అంగలో దాటేసింది. మోకాళ్ళు బ్రహ్మాండంగా పనిచేస్తున్నాయి.

తర్వాత రోంగ్ పరుగెత్తుకుంటూ వచ్చింది. బుగ్గలు ఎర్రగా నిండి ఉన్నాయి.

"రోంగ్, అమ్మా, ఒక్క అడుగు వెయ్యవూ?"

పిల్ల కాలెత్తింది. వెనకనుంచి తల్లి రెక్క పట్టి లాగింది.

"నువ్వు మోసింది నా పిల్ల ఒక్కదాని రోగం," అంది చాన్‌తో. "ఇందులో ఉన్నది ఊరందరిది. అంతా ఇది మొయ్యాలా?"

రోంగ్ బట్టలు ఎత్తిపట్టుకుని, పక్కనుంచి నడిచి పోయింది.

చాన్ గుమ్మంలో ఉన్న లువోవంక చూసింది. "పొయ్యిమీద కషాయం పొంగుతోంది," అని అతను లోపలికి వెళ్ళి తలుపేసుకున్నాడు.

"నేను ఖాళీగానే ఉన్నాను," అంది కుండ లోపలినుంచి.

పొద్దు గుంకింది. పిప్పి ఎండిపోయింది. బయటికి దారి లేక ఊరి రోగమంతా చాన్ చర్మం కిందే ఉండిపోయి, తెల్లటి చేదు పాలుగా మారింది. ఆ పాలు కూడా మందేనని కొన్నాళ్ళకి వైద్యులు కనిపెట్టి, గిన్నె పట్టుకుని దాన్ని వెతకడం మొదలుపెట్టారు.

అప్పటినుంచే గోదురుకప్ప ఒళ్ళంతా బుడిపెలు. జనం తిరిగే వేళ అది బయటికి రాదు. పట్టుకుంటే మాత్రం చేదు పాలు కక్కుతుంది. పట్టుకున్నది వైద్యుడి చెయ్యా, పసిపిల్ల చెయ్యా అని చూడదు.