గచ్చు మీద పౌడరు

"బూట్లకు రంగెయ్యి, బుగ్గలకు పౌడరెయ్యి,
బుర్రుమని ఊదేటి బాబొచ్చె రావే..."

ఆ తర్వాత ఇంకో చరణం ఉండాలి. అందులో ఒక కోడిపుంజు వచ్చేది. అది టోపీ పెట్టుకునేదో, టోపీని ఎత్తుకుపోయేదో ఇప్పుడు గుర్తుకు రావడం లేదు.

ఇది ఎవరో కూర్చుని రాసిన పాట కాదు. నా చిన్నప్పుడు లాలాగూడలో రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాలు ఉండేది. శనివారం సాయంత్రాలు ఆంగ్లో ఇండియన్లు అక్కడ బ్యాండు పెట్టుకుని డాన్సు చేసేవాళ్లు. వెనక వంటవాళ్ల వాకిట్లో మేం పిల్లలం ఆ ఇంగ్లీషు బాణీకి మాకు వచ్చిన తెలుగు మాటలు తగిలించి గెంతేవాళ్లం. బుర్రుమని ఊదే ఆ బాబు డెరిక్ మాస్టరు. అప్పటికి ఆయనకు మీసాలు కూడా సరిగ్గా రాలేదు. మెడలో శాక్సఫోన్ వేలాడేసుకుని వేదిక మీదికి వస్తుంటే, బంగారు ఏనుగుపిల్ల తొండం ఎత్తినట్టు ఉండేది నా కంటికి.

పెద్దయ్యాక ఆయన ఇంట్లోనే వంట చేస్తూ ఎన్నో ఏళ్లు గడిపాను. అక్షరాలు ముసలితనంలో పట్టుబడ్డాయి. అందుకని, నేను పోకముందే ఆయన సంగతి ఒకటి రాసి పెడుతున్నాను.

మాస్టరు దగ్గర చాలామంది నేర్చుకున్నారు. ఆఖరివాడు నెహెమ్యా. వాళ్ల నాన్న దావీదు పెళ్లి బ్యాండులో క్లారినెట్ వాయిస్తాడు. నెహెమ్యా మటుకు పెళ్లిళ్లకు పోడు. వాడికి మాస్టరు కాలంనాటి సంగీతం కావాలి. దాని పేర్లు నాకు వాడే నేర్పాడు. ఒకటి స్వింగ్, ఒకటి జంప్ బ్లూస్.

జంప్ బ్లూస్ అంటే ఏమిటని అడిగితే, నెహెమ్యా బ్యాండులో డ్రమ్స్ వాయిస్తూ పాడే తబిత చెప్పింది. బ్లూస్ అంటే దుఃఖం పాట అట. ఈ రకంలో ఆ దుఃఖం కూర్చుని ఏడవదట, లేచి గెంతుతుందట. నాకది వింతగా అనిపించింది. దుఃఖానికి కాళ్లుంటాయా అనుకున్నాను.

ఒక ఏడు వానాకాలంలో నెహెమ్యా ఒక ఆల్బమ్ తయారు చేశాడు. పాటలన్నీ కొత్తగా కట్టినవే, కానీ వింటే అచ్చం పాతకాలంలా ఉండాలని పట్టుబట్టి చేశాడు. దాన్ని పట్టుకుని, తబితను వెంటబెట్టుకుని, ముఖం మాడ్చుకుని మాస్టరు ఇంటికి వచ్చాడు.

ఏమైందిరా అంటే వాళ్ల నాన్న మీద ఫిర్యాదు చెప్పాడు. ముందుగా నాన్నకు వినిపించాడట. దావీదు మొత్తం విని, బీడీ ముట్టించి, ఈ పాటకు పెళ్లికొడుకు గుర్రం గూడ కాలు కదపదు అన్నాడట.

"బరాత్ ముంగట ఊదేటోడికి ఇది ఏం తెలుస్తది, మీరు చెప్పున్రి మాస్టర్," అన్నాడు నెహెమ్యా.

వాడి కోపం వెనక భయం ఉందని నాకు తెలుసు. మాస్టరు ఊపిరితిత్తులు అప్పటికే పాడయ్యాయి. ఊదొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. అన్నేళ్లు వాయించిన మనిషి, ఆయనది ఒక్క రికార్డు లేదు. ఆయన దగ్గర ఉన్నదేదో ఇప్పుడు ఉంటే గింటే ఈ పిల్లవాడి వేళ్లలో ఉండాలి. అది నిలిచిందో లేదో ఆయన నోటి నుంచే వినాలని వాడి తపన. ఆయన సరే అంటేనే లోకానికి వదులుతాను, లేకపోతే లేదు అని కూర్చున్నాడు.

మాస్టరు కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని, వేళ్లు పొట్ట మీద పెట్టుకుని, కానియ్యి అన్నారు.

పాట మొదలవకముందే గరగరమని చప్పుడు వచ్చింది. మాస్టరు చెయ్యెత్తారు.

"ఆపు బేటా. నీ మిషన్‌ల దుమ్ము పడ్డది."

నెహెమ్యా నవ్వాడు. దుమ్ము కాదట. పాత గ్రామఫోను రికార్డులా వినిపించాలని కావాలనే పెట్టారట.

మాస్టరు నవ్వడం మొదలుపెట్టి దగ్గులోకి జారిపోయారు. నేను నీళ్లు తెచ్చి ఇచ్చాను. ఊపిరి అందాక ఆయన అన్నారు:

"ఆ గరగర పోవాల్నని మేం సూదులు మార్చినం. మెత్తటి గుడ్డతోని తుడిచినం. మా అమ్మయితే మేరీ మాతకు మొక్కింది. నువ్వు దాన్ని యాడ దొరికించుకున్నవ్ రా?"

తబిత మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నెహెమ్యా చెవులు ఎర్రబడ్డాయి.

ఎట్లా వాయించారో చెప్పమన్నారు మాస్టరు. వాడు ఉత్సాహంగా చెప్పాడు. ఒక్కొక్కరూ ఒక్కొక్క రోజు, అద్దాల గదిలో ఒంటరిగా, చెవుల్లో గడియారంలాంటి టిక్కుటిక్కు పెట్టుకుని వాయించారట. ఎక్కడ తప్పు వస్తే అక్కడ కత్తిరించి అతికించారట. మొత్తం ఆల్బమ్‌లో వెతికినా ఒక్క తప్పు దొరకదన్నాడు. తబిత మాత్రం, మేమెవరం ఒకరి ముఖం ఒకరం చూడలేదు తాతా అని మెల్లగా అంది.

మాస్టరు కళ్లు గచ్చు మీదికి పోయాయి. నాంచారీ అని నన్ను పిలిచి, స్నానాలగది గూట్లోంచి పౌడరు డబ్బా తెమ్మన్నారు.

మాది ఎర్ర గచ్చు. ఆయన కుర్చీలోంచి లేచి, గోడ పట్టుకుని, గది మధ్య నుంచి వంటింటి గుమ్మం దాకా ఆ పౌడరు చల్లారు. ముగ్గు వేసేవాళ్లు చల్లినట్టు కాదు, చపాతీ పీట మీద పిండి చల్లినట్టు, పల్చగా, సమంగా. పాత రోజుల్లో డాన్సు మొదలవకముందు హాల్లో చెక్కనేల మీద ఇట్లాగే చల్లేవాళ్లు. బూట్లు సాఫీగా జారాలని.

"ఇప్పుడు పెట్టు. మొదటి నుంచి," అన్నారు.

మేమందరం గోడల వెంట కూర్చున్నాం. నేను వంటింటి గుమ్మంలో. పాటలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. బాగున్నాయి. అబద్ధం చెప్పకూడదు, చాలా బాగున్నాయి. శాక్సఫోన్ తేనె ధారలా ఉంది. పియానో ఎక్కడా తొట్రుపడలేదు. కొత్తగా అచ్చువేసిన పుస్తకంలో అక్షరాలను చూస్తే నాకెంత ముచ్చటో, అంత ముచ్చటగా ఉన్నాయి.

ఆల్బమ్ అయిపోయింది.

నెహెమ్యా మాస్టరు ముఖంలోకి చూశాడు. మాస్టరు గచ్చు వైపు చూస్తున్నారు. మేమూ అటు చూశాం. పౌడరు చల్లింది చల్లినట్టే ఉంది.

అప్పుడాయన ఖాళీ డబ్బాను ఒళ్లో పెట్టుకుని, వేలి ఉంగరంతో దాన్ని కొట్టడం మొదలుపెట్టారు. టక్కు, టక్కు. మనం ఎదురుచూసే చోట పడదు ఆ దెబ్బ. ఆ పక్కన, వెంట్రుకవాసి ఆలస్యంగా పడుతుంది. పడిందా, మన గుండె దాన్ని అందుకోవడానికి ముందుకు వంగుతుంది. ఆపైన ఆయన ముక్కుతో ఏదో కూనిరాగం తీశారు. అందులో సగం పిల్లికూతలే, ఊపిరి ఆడక. అయినా ఆ కూతలు కూడా తాళంలోనే ఉన్నాయి.

నా కాలు నన్ను అడగలేదు. గుమ్మంలో కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే ఉన్నాను. నా కుడికాలు మాత్రం ముందుకు పోయి పౌడరులో ఆడుతోంది. నేను దాన్ని వేరేవాళ్ల కాలిని చూసినట్టు చూశాను. తబిత ఎప్పుడు లేచిందో లేచింది. చెప్పులు విడిచి, గది మధ్యలో, కళ్లు మూసుకుని తిరుగుతోంది.

మాస్టరుకు ఊపిరి చాల్లేదు. చెయ్యి ఆగిపోయింది. కిటికీ చట్రానికి తల ఆనించి కళ్లు మూసుకున్నారు.

నెహెమ్యా గచ్చు మీద గొంతుక్కూర్చున్నాడు. ఎర్రటి గచ్చు మీద తబిత పాదాలు, గుమ్మం దగ్గర నా బొటనవేలి గీతలు. చెరిగిపోతాయేమో అన్నట్టు ముట్టుకోకుండా, చాలాసేపు వాటిని చూశాడు. తర్వాత తన సామాను సర్దుకుని, పౌడరు తొక్కకుండా గోడవారగా నడిచి బయటికి పోయాడు.

పిల్లవాడు నొచ్చుకున్నాడని నాకు బాధనిపించింది. టీ గ్లాసు పట్టుకుని వెనకాలే పోయాను. గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. కళ్లు తడిగా ఉన్నాయి, కానీ నొచ్చుకున్న ముఖం కాదది. ఇన్‌స్టిట్యూట్ హాలు ఇప్పుడు ఎవరి చేతిలో ఉందని నన్నడిగాడు.

ఆ హాలును ఇప్పుడు ఫంక్షన్లకు ఇస్తున్నారు. చుట్టూ టైల్సు వేశారు కానీ మధ్యలో పాత చెక్కనేల అట్లాగే ఉంది. ఒక ఆదివారం, చర్చి అయ్యాక, మధ్యాహ్నం పూట నెహెమ్యా అందరినీ అక్కడికి రమ్మన్నాడు. చేసిన ఆల్బమ్ మొత్తం తుడిచేశాడట. తబిత చెప్పింది.

మాస్టరు మెట్లెక్కే స్థితిలో లేరు. కొత్త పౌడరు డబ్బా ఒకటి నా చేతికిచ్చి పంపారు.

అద్దాల గదులు లేవు. చెవులకేమీ పెట్టుకోలేదు. అందరూ దగ్గరదగ్గరగా నిలబడి, మధ్యలో ఒకే ఒక మైకు పెట్టుకున్నారు. దావీదు బ్యాండు యూనిఫారంలో, ఇత్తడి గుండీల ఎర్రకోటు వేసుకుని వచ్చాడు. గుర్రం దొరకలే, నేనే వచ్చిన అన్నాడు కొడుకుతో. నెహెమ్యా నవ్వి, క్లారినెట్ పట్టుకున్న తండ్రిని తన పక్కనే నిలబెట్టుకున్నాడు.

చుట్టుపక్కల వాళ్లను పిలిచారు. మాట్లాడొద్దని ఎవరికీ చెప్పలేదు. నేను పౌడరు చల్లాను.

మొదటిసారి దావీదు ముందే అందుకున్నాడు, అందరూ నవ్వారు. రెండోసారి కరెంటు పోయింది. ఆ తర్వాత మొదలైంది.

దాన్ని ఎట్లా రాయాలో నాకు తెలియడం లేదు. తబిత ఇంగ్లీషులో పాడింది. అర్థం ముందే చెప్పించుకున్నాను: రైలు పోయింది, దాంట్లో నువ్వు పోయావు, ప్లాట్‌ఫారం మీద నీ టోపీ దొర్లుతోంది, నేను దాని వెంట పరిగెడుతున్నాను. అంత ఏడుపు పాట. ఆ ఏడుపు వెనక డ్రమ్ము తోస్తోంది, దావీదు క్లారినెట్ రెచ్చగొడుతోంది, నెహెమ్యా శాక్సఫోన్ దాన్ని చెయ్యి పట్టి లేపుతోంది. లేచింది. నా కళ్లతో చూశాను. డోరీన్ అని ఒక పెద్దావిడ, పక్షవాతం వచ్చి తగ్గిన మనిషి, చేతికర్రతోనే అడుగులు వేసింది. పెళ్లాం పోయినప్పటి నుంచి నలుగురిలోకి రాని గార్డు ఒకాయన కన్నీళ్లు తుడుచుకోకుండానే గిరగిరా తిరిగాడు. ఎవరి దుఃఖం వాళ్ల దగ్గరే ఉంది, ఎక్కడికీ పోలేదు. దానికి కాళ్లు మాత్రం వచ్చాయి.

నేనూ చెప్పులు విడిచి ఆ చెక్కనేల మీద కాలు పెట్టాను.

అయిపోయాక, ఎట్లా వచ్చిందో ఒకసారి వినమని మైకు చూసుకునే అతను పిలిచాడు. నెహెమ్యా వెళ్లలేదు. నిలబడి నేల చూస్తున్నాడు. బూట్లు, వట్టి పాదాలు, చేతికర్ర గుండ్రటి ముద్రలు, జారినవి, తిరిగినవి, ఒకదాని మీద ఒకటి. ఎక్కడా తెల్లగా మిగల్లేదు.

రికార్డు తయారై వచ్చేసరికి మాస్టరు మంచం పట్టారు. ముక్కుకు గొట్టం పెట్టారు. మాట ఎప్పుడో గాని వచ్చేది కాదు. నెహెమ్యా వచ్చి రికార్డు నా చేతిలో పెట్టాడు. లోపలికి రమ్మంటే రాలేదు. నువ్వే పెట్టు అమ్మమ్మా అని వరండాలో నిలబడిపోయాడు.

ఎవరిదో మాస్టరుకు చెప్పకుండానే పెట్టాను. గరగర లేదు. ముందు ఎవరో నవ్వారు, ఎవరో కుర్చీ జరిపారు, ఆ తర్వాత పాట వచ్చింది.

మాస్టరు కళ్లు మూసుకునే విన్నారు. నిద్రపోయారేమో అనుకున్నాను. రైలు పాటలో శాక్సఫోన్ ఒంటరిగా పైకి పోయే చోట కళ్లు తెరిచారు. పసిపిల్లలు మొదటిసారి వాన చూసినప్పుడు చూస్తారే, అట్లా చూశారు పైకప్పు వైపు. తర్వాత నన్ను దగ్గరికి రమ్మని వేలు కదిపారు. నా చెవి ఆయన నోటి దగ్గర పెట్టాను.

ఆయన నాతో అన్న ఆఖరి మాట అదే. దాన్ని ఉన్నదున్నట్టు వరండాలోకి మోసుకుపోయి నెహెమ్యాకు చెప్పాను.

"ఎవరు నాంచారీ, ఈ పిల్లగాడు? ఇసొంటి పాట నేను ఎన్నడు వినలే."