నాయుడుగారు మంచినీళ్ళు ముట్టలేదు

చిన్న కథే, చెప్పేసి వెళ్ళిపోతాను. మా ఊళ్ళో సదానందంగారని ఒక గురువుగారున్నారు. ప్రశ్న అడిగినవాడికి జవాబు చెప్పరు, ఏదో ఒక పని చెబుతారు. కిందటేడు మునసబుగారి తమ్ముడు మోక్షం గురించి అడిగి, గురువుగారి పెరట్లో కందకు మట్టి ఎగదోసి వచ్చాడు. మోక్షం సంగతి తెలియదు గాని కంద బాగా ఊరింది. అది వేరే కథ.

ఈసారి అడిగిన శిష్యుడు త్రినాథరావు. సర్పంచి పదవికి నిలబడబోతున్నాడు. "పోయాక కూడా మనిషి పేరు నిలవాలంటే ఏం చెయ్యాలి గురువుగారూ?" అన్నాడు.

అప్పటికి అతను సూర్యంనాయుడుగారి విగ్రహ కమిటీకి అధ్యక్షుడు. నాయుడుగారు మా పాత ఎమ్మెల్యే. చదువు పిచ్చి మనిషి. ఓట్లకొచ్చినా, పెళ్ళికొచ్చినా, బడి మానేసిన పిల్ల కనబడితే ఆ ఇంటి అరుగు మీద కూర్చునేవారు. పిల్ల బడికి కదిలేదాకా ఆ ఇంట మంచినీళ్ళు ముట్టేవారు కాదు. ఇంటికొచ్చిన పెద్దమనిషి గొంతు తడుపుకోకుండా కూర్చుంటే ఏ ఇల్లాలు ఓర్చుకుంటుంది? తిట్టుకుంటూనే పంపేవారు. ఆయన పోయినప్పుడు ఊరంతా ఏడ్చింది. కొంచెం ఊపిరి కూడా పీల్చుకుంది.

విగ్రహం వచ్చింది. కుర్చీలో కూర్చున్నట్టు చేశారు. దాన్ని ఎక్కించడానికి కూడలిలో కట్టిన దిమ్మ ఇంకా తడిగా ఉంది. "అది ఆరేదాకా విగ్రహాన్ని మీ అరుగు మీద పెట్టించు," అన్నారు గురువుగారు. త్రినాథరావు పొంగిపోయాడు. ఎన్నికల ముందు అంతకన్నా ఏం కావాలి?

అతని కూతురు గౌరి ఎనిమిదితో చదువు మానేసి ఇంట్లో జీడిపప్పు పొట్టు ఒలుస్తోంది. ఊరందరికీ తెలుసు, అడిగినవాళ్ళు లేరు.

తెల్లారి త్రినాథరావు తల్లి అప్పయమ్మ పాత అలవాటు కొద్దీ విగ్రహం ముందు చెంబుతో నీళ్ళు పెట్టింది. సాయంత్రానికీ చెంబు నిండుగానే ఉంది.

"నాయుడుబాబు నీళ్ళు ముట్టనేదురా."

"సిమెంటు బొమ్మ ఎలా తాగుతుందే అమ్మా?"

"బతికున్నప్పుడు మాత్రం తాగేడేటి? నిన్ను బడికి తోలేదాకా ఈ అరుగు మీదే కూకుని నా పరువు తీసేడు. తోలినా నువ్వు అయిదు దాటనేదు."

మనవరాలు బడికి కదిలేదాకా తిననని ఆమె కూడు మానేసింది. త్రినాథరావు విసుక్కున్నాడు, గదమాయించాడు, అలిగాడు. తల్లి కంచం ముందుకు రాలేదు. చివరికి గౌరి పుస్తకాల సంచీ దులుపుకుని హైస్కూలు బస్సెక్కింది.

దిమ్మ ఆరింది. విగ్రహాన్ని ఎక్కిద్దామంటే దిమ్మకు ఎదురింటివాళ్ళు అడ్డుపడ్డారు. "ఆయన చూపు మా గుమ్మంలో పడకూడదు," అన్నారు. ఎటు తిప్పినా ఎవరిదో ఒక గుమ్మమే. కొందరు ముందుజాగ్రత్తగా పిల్లల్ని బడికి తోలేశారు. కమిటీ విసిగిపోయి ఊరుకుంది. ఆ దిమ్మ మీద ఇప్పుడు మిరపకాయలు ఎండబోస్తున్నారు. త్రినాథరావు ఓట్లకొస్తే, వెనకాలే విగ్రహం కూడా వస్తుందేమోనని జనం తలుపులేసుకున్నారు. ఎన్నికల్లో ఓడిపోయాడు.

ఓడినవాడు తిన్నగా గురువుగారి దగ్గరికి వెళ్ళాడు. "నేనడిగిందేమిటి, మీరు చేయించిందేమిటి? పిల్ల బడికి పోతూనే ఉంది. ఆయన మా అరుగు దిగలేదు. మా అమ్మ రోజూ చెంబు పెడుతూనే ఉంది."

"తాగారా?" అన్నారు గురువుగారు.

"లేదండీ."

గురువుగారు చుట్ట ఆర్పి పక్కన పెట్టారు.

"అయితే మీ ఇంట్లో బడికి వెళ్ళాల్సినవాళ్ళు ఇంకా ఎవరో మిగిలారు," అన్నారు.