మూడు రోజుల శాస్త్రం

అనగనగా ఒక అడవిలో, అన్ని అడవుల్లోనూ ఉన్నట్టే, అన్నీ తెలిసిన మైనా ఒకటి ఉండేది. పేరు సుభాషిణి. ఒక ఎండాకాలమంతా పట్నంలో ఒక పరిశోధనశాల కిటికీ మీద గడిపి వచ్చింది. పట్నం గాలి సోకాక మామూలు మైనాలతో మాట్లాడితే పరువేముంటుంది చెప్పండి?

ఆ పరిశోధనశాలలో ఒక అమ్మాయి చారల చేపల గుడ్లను మైక్రోస్కోపులో చూసేది. ఆ గుడ్లు అద్దంలా ఉంటాయి. ఒక కణం రెండవడం, రెండు నాలుగవడం, మర్నాటికే చిన్న గుండె కొట్టుకోవడం, అన్నీ బయటికే కనిపిస్తాయి. మూడో రోజుకి పిల్ల బయటికొచ్చేస్తుంది. అమ్మాయి ఇదంతా రాసుకుని పైకి చదువుకునేది. ప్రతి వాక్యం చివరా "చేపలో" అనేది. ఆ ఒక్క మాట మోయడం దండగ అనుకుని సుభాషిణి దాన్ని కిటికీ మీదే వదిలేసి వచ్చింది.

రాగానే చాటింపు వేసింది. "గుడ్డన్నాక మూడు రోజుల్లో పగలాలి. లేదంటే అది చచ్చిన గుడ్డే!"

మొదట కప్ప ఎగురుకుంటూ వచ్చింది. "మైనమ్మా, మా గుడ్లు సరిగ్గా మూడో రోజుకే పగిలాయి!"

"చూశారా!" అంది సుభాషిణి. అడవంతా నమ్మేసింది.

తర్వాత అడవికోడి పుల్లమ్మ వచ్చింది. "అమ్మా, నావి ఏడు గుడ్లు. ఇవాళ నాలుగో రోజు. ఉలుకూ పలుకూ లేదు. మా అమ్మ ఇరవయ్యొక్క రోజులు పొదిగేది మరి."

"మీ అమ్మ ఏ పరిశోధనశాలలో చదివింది?"

"ఎక్కడా లేదమ్మా."

"మరి! అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు చాలు. నేను పట్టి చూసే వచ్చాను. వదిలెయ్."

పుల్లమ్మ ఏడ్చుకుంటూ గూడు వదిలేసింది. సాయంత్రానికి ముంగిస ఏడు గుడ్లూ తినేసి, మూతి తుడుచుకుంటూ మైనా దగ్గరికి వచ్చింది. "మీ శాస్త్రం గొప్పది మైనమ్మా! కాకపోతే ఒక్కోదాంట్లో ఎర్రగా చిన్న గుండె కొట్టుకుంటూ కనిపించింది."

అక్కడే ఉన్న పుల్లమ్మ కుప్పకూలింది. సుభాషిణికి లోపల కలుక్కుమంది. కానీ పండితులు అంత తేలిగ్గా ఒప్పుకుంటారా? "శాస్త్రం సరైనదే. గుడ్లే తప్పు" అంది.

మూడోది తాబేలు అవ్వ. అది రాలేదు. సుభాషిణే వెళ్లింది. "అవ్వా, గుడ్లు ఇసుకలో పెట్టి రెండు నెలలైందట. తవ్వి పారెయ్! ఒక్క మెతుకు చాలు..."

"చాలు తల్లీ," అంది అవ్వ. "నువ్వు పట్టి చూసిన మెతుకు నా కుండలోదేనా?"

ముసలివాళ్లకి చదువెక్కదని గొణుక్కుంటూ సుభాషిణి ఎగిరిపోయింది.

వారం తిరక్కుండా సుభాషిణే చెట్టు తొర్రలో మూడు నీలం గుడ్లు పెట్టింది. మూడు రోజులు గడిచాయి. ఒక్కటీ పగల్లేదు. నాలుగో రోజు పొద్దున్నే అడవంతా చెట్టు కింద చేరింది. అందరికంటే ముందు ముంగిస.

"దిగండి మైనమ్మా," అంది ముంగిస. "మీ శాస్త్రం ప్రకారం ఇక నా వంతు."

సుభాషిణి గుడ్ల మీద రెక్కలు కప్పేసింది. "వద్దు! ఆ మూడు రోజులు చేపలో! చేపలో మాత్రమే!"

పుల్లమ్మ తలెత్తి చూసింది. "ఆ మాట ఆవేళ ఎందుకు చెప్పలేదమ్మా?"

సుభాషిణికి ఏడుపొచ్చింది. "తప్పు నాదే పుల్లమ్మా. నాకు తెలిసింది చేప ఒక్కటే."

 పుల్లమ్మ చెట్టు మొదట్లో రెక్కలు విప్పి ముంగిసకి అడ్డంగా నిలబడింది. "పొదుగమ్మా," అంది. "ఎన్నాళ్లు పడితే అన్నాళ్లు పొదుగు."

పధ్నాలుగో రోజున మూడు పిల్లలూ బయటికొచ్చాయి. పుల్లమ్మ ఏడు గుడ్లు మాత్రం తిరిగి రాలేదు. అప్పటినుంచి సుభాషిణి వాన పడుతోందని చెప్పినా సరే, చివర్లో "మా చెట్టు మీద" అని కలుపుతుంది.

నీతి: మెతుకు పట్టి చూడండి, తప్పులేదు. కానీ ఏ కుండ గురించి చెబుతున్నారో ఆ కుండలోదే పట్టి చూడండి.