తోసిన పీట ఎందుకు ఆగుతుంది

ఒకప్పుడు నేల దేన్నీ పట్టుకునేది కాదు. గుమ్మడికాయను దొర్లిస్తే దొర్లుతూనే ఉండేది. చెక్కపీటను కాస్త తోస్తే జారుతూనే ఉండేది. ఎవరో ఒకరు అడ్డం నిలబడి పట్టుకుంటే తప్ప ఏదీ ఆగేది కాదు.

మరి మనుషులు ఎలా నడిచేవాళ్ళు అంటారా? ఇంటి నుంచి చేనుదాకా ముడులు వేసిన తాళ్ళు కట్టుకున్నారు. ఒక్కో ముడీ పట్టుకుంటూ వెళ్ళేవాళ్ళు. బరువులన్నీ పీట మీద పెట్టి తోసేసేవాళ్ళు. తోసేముందు అవతలివాళ్ళను కేకేసి పిలవాలి. వాళ్ళు "ఆ, పంపు!" అన్నాకే తోయాలి. ఆ ఊరికి అదొక్కటే కట్టుబాటు.

నేలకు ఇదంతా భయంగా ఉండేది. "అయ్యా, నేను కొంచెం పట్టుకుంటాను. ఏదైనా చెయ్యి జారితే ఆపుతాను" అంది.

ఊరిపెద్ద వరహాలయ్య ముఖం చిట్లించాడు. "నువ్వు పట్టుకుంటే మా పనులు సాగినట్టే! కాళ్ళ కింద ఉండేదానివి, అక్కడే ఉండు. మా వస్తువులు ముట్టుకోకు."

నేల ఆ మాటకు కట్టుబడింది.

ఒక సాయంత్రం అసిరమ్మ చేను నుంచి బయలుదేరింది. నెత్తిన గడ్డిమోపు ఉంది. రెండు చేతులా తాడు పట్టుకోవాలి. ఇక బిడ్డనెలా ఎత్తుకుంటుంది? చిన్నారి పైడిని పీట మీద కూర్చోబెట్టింది.

"పెదనాన్నా! పైడిని పంపుతున్నా, పట్టుకో!" అని కేకేసింది.

"ఆ, పంపు!" అన్నాడు వరహాలయ్య ఊరి మొదట్లో నిలబడి.

బిడ్డ బెదరకుండా అసిరమ్మ మెల్లగా తోసింది.

వరహాలయ్య "ఆ" అయితే అన్నాడు. ఇంతలో పక్కనున్నవాళ్ళు ఆయన కొత్త తలపాగాను మెచ్చుకున్నారు. ఆ మాటలకు మురిసిపోయి అటు తిరిగాడు మహానుభావుడు. పీట ఆయన వెనకనుంచే వెళ్ళిపోయింది.

పైడి చప్పట్లు కొడుతూ నవ్వుతోంది. ఆటనుకుంది పాపం.

కాకి ఒకటి పీట వెంట ఎగురుతూ గోల పెట్టింది. "గాలీ, ఆపవే!"

"నేనూ అటే పోతున్నాను" అంది గాలి.

"నేలా, నువ్వైనా పట్టుకో!"

"ముట్టుకోవద్దన్నారు" అంది నేల.

పీట కనుచూపు దాటిపోయింది.

అసిరమ్మ ఊళ్ళోకి వచ్చింది. "నా బిడ్డేదీ?"

వరహాలయ్య తలపాగా సర్దుకున్నాడు. "నువ్వు మరీ గట్టిగా తోశావమ్మా. అంత గట్టిగా తోస్తే ఎవరు మాత్రం పట్టుకోగలరు?"

"అవునవును, గట్టిగానే తోసింది" అన్నారు పక్కవాళ్ళు. చూసినవాడు ఒక్కడూ లేడు. అయినా అందరూ అన్నారు. అయ్యో అని కూడా అన్నారు. కానీ తాడు వదిలి వెతకడానికి ఎవరూ కదల్లేదు.

అసిరమ్మ నేల మీద కూలబడింది. "నీ మీంచే కదా పోయింది. ఎందుకు పట్టుకోలేదు?"

"ముట్టుకోవద్దన్నారమ్మా."

"పెద్దాయన మాట విన్నావు. నా బిడ్డ నవ్వు వినపడలేదా?"

ఆ మాటకు నేలకు సిగ్గుతో ఒళ్ళంతా గరుకెక్కింది. ఆ క్షణంలోనే తన మీద ఉన్న ప్రతిదాన్నీ పట్టేసుకుంది.

"ఆపానమ్మా! నీ బిడ్డ ఆగింది! కానీ చాలా దూరంలో ఉంది. ఏడుస్తోంది."

అసిరమ్మ చటుక్కున ఇంకో పీట ఎక్కింది. "తోయండి! నన్నూ అటే తోయండి!"

తోశారు. పీట గీరుమంటూ నాలుగు బారలు పోయి ఆగింది. మళ్ళీ తోశారు. మళ్ళీ ఆగింది.

"వదులు నన్ను!" అని అసిరమ్మ అరిచింది.

"వదల్లేనమ్మా" అంది నేల ఏడుస్తూ. "ఇక ఎవరినీ వదిలే ధైర్యం నాకు లేదు."

పట్టుకోవలసినప్పుడు పట్టుకోలేదు, వదలవలసినప్పుడు వదల్లేదు. అసిరమ్మ దానివంక మళ్ళీ చూడలేదు. పీట దిగి, బిడ్డ పోయిన దిక్కుకు నడక మొదలుపెట్టింది. అడుగడుగునా నేల ఆమె పాదాలను పట్టుకుంది. అరికాళ్ళు అరిగిపోయాయి. కాకి ముందు ఎగురుతూ దారి చూపింది. బిడ్డను చేరిందా అని అడగకండి. నాకు చెప్పినవాళ్ళు కూడా అక్కడితోనే ఆపేశారు.

అప్పటినుంచే మనం తాడు లేకుండా నడుస్తున్నాం. అప్పటినుంచే చెప్పులు అరుగుతున్నాయి. పీట జరిపితే గీరుమంటోంది. తోసినది ఏదైనా, ఎవరూ పట్టుకోకపోయినా, కాసేపటికి ఆగిపోతోంది. గట్టిగా తోస్తే దూరంగా ఆగుతుంది. మెల్లగా తోస్తే దగ్గరలోనే ఆగుతుంది.

అసిరమ్మ ఆ రోజు మెల్లగానే తోసింది.