చిలక కాలి ముడి

అనగనగా ఒక రాజు. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. పొద్దుపొడవడానికి సరిగ్గా రెండు ఘడియల ముందు, ఆ ముగ్గురిలో చిన్నవాడు నాగమల్లుడు అడవితోటలో బావిగట్టు మీద కూర్చుని వేపపుల్లతో పళ్లు తోముకుంటున్నాడు. పళ్లు తోముకుంటూనే ఎదురుగా ఉన్న గున్నమామిడి వైపు చూస్తున్నాడు.

అడవితోట అంటే అడవి నడుమ రాజుగారి తాతలు వేయించిన తోట. అందులో పనసలు, మామిళ్లు, నేరేళ్లు, వెలగలు. చెట్ల సందుల్లో పూలమళ్లు, కూరపాదులు, పెంకుటిళ్లు. ఆ ఇళ్లలో తోటవాళ్లు కాపురముండేవాళ్లు. వాళ్లకొక కట్టుబాటు ఉంది. ఏ చెట్టుకైనా తొలిపండు పిట్టది. పిట్ట వచ్చి కొరికి రుచి చూసేదాకా ఆ చెట్టు మీద మనిషి చెయ్యి పడకూడదు. అందుకు బదులుగా పిట్టలు తోటకు కావలి కాసేవి. పులి వచ్చినా, దొంగ వచ్చినా, మాయ వచ్చినా గగ్గోలు పెట్టి అందర్నీ లేపేవి.

ఆ రోజు రాజుగారి పుట్టినరోజు. ముగ్గురు కొడుకులూ తలా ఒక పళ్లెం పళ్లు తెచ్చి తండ్రి ముందు పెట్టాలి. నిరుడు నాగమల్లుడు తెచ్చిన పళ్లెంలో ఒక పండుకు ముక్కుగాటు ఉంది.

"చూశారా, తమ్ముడు నాన్నగారికి చిలక ఎంగిలి తెచ్చాడు!" అన్నాడు పెద్దవాడు.

"వచ్చే ఏడు కాకి ఎంగిలి తెస్తాడులే" అన్నాడు నడిపివాడు.

సభంతా నవ్వింది. రాజుగారు కూడా నవ్వారు. ఆ నవ్వు నాగమల్లుడి చెవుల్లో ఏడాదిపాటు ఉండిపోయింది.

అందుకే ఆ తెల్లవారుజామున అతను తోటమాలి బొల్లయ్య పాకలోంచి చేపల వల ఒకటి తెచ్చాడు. గున్నమామిడి చుట్టూ కప్పి, నాలుగు మూలలా గట్టిగా ముడులు వేశాడు. పొద్దుపొడిచింది. చిలకలు వచ్చాయి. తొలిపండు కోసం వల చుట్టూ తిరిగాయి, అరిచాయి, ముక్కులతో పొడిచాయి. చివరికి అరుపు మానేసి ఎగిరిపోయాయి. వాటి వెనకే మైనాలు, వాటి వెనకే పిచికలు. తోటలో ఒక్క పిట్టా మిగల్లేదు.

నాగమల్లుడు గాటు లేని పళ్లు కోశాడు. వల విప్పబోతే, ఎగిరిపోలేకపోయిన చిలక ఒకదాని కాలు తాడు ముడిలో ఇరుక్కుని ఉంది. విప్పడానికి తీరిక లేదు, పళ్లెం వేళవుతోంది. కత్తితో తాడు కోసి, ముడితో సహా చిలకను పొదలోకి విదిలించి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు.

తోట నడుమ కొలువుతీరిన రాజుగారు పళ్లెం చూసి మెచ్చుకున్నారు. తరవాత చెవి ఒగ్గి, "ఏమిటిది, పిట్టల కూత లేదేం?" అన్నారు. వెతికితే చెట్టుకింద చిరిగిన వల దొరికింది.

"ఎవరిదీ వల?"

బొల్లయ్య ముందుకు వచ్చాడు. "వల నాదే, ప్రభూ." అంతకు మించి ఒక్క మాట అనలేదు.

నాగమల్లుడు ఇప్పుడు చెబుదాం అనుకున్నాడు. ఈ మాట అయ్యాక చెబుదాం అనుకున్నాడు. ఇంతలో రాజుగారు బొల్లయ్యను పొలిమేర దాటించమన్నారు. ముసలాయన పలుగు భుజాన వేసుకుని నడుస్తుంటే, కూతురు చెంగల్వ తోట వాకిటిదాకా వెంట పరుగెత్తింది. ఆమెను మేనత్త పట్టి ఆపింది. నాగమల్లుడు ఆ వైపు చూడకుండా తన చెప్పుల వైపు చూశాడు.

కావలి లేని తోట ఎన్నాళ్లు నిలుస్తుంది? ధూమకేశుడనే మాంత్రికుడు సొంతింట్లోకి నడిచి వచ్చినట్టే లోపలికి వచ్చాడు. అరిచి లేపే పిట్ట లేదు. తోటవాళ్లందర్నీ ఎక్కడివాళ్లను అక్కడే చెట్లు చేశాడు. పూత లేని, కాత లేని మోడు చెట్లు.

"తోటను విడిపించినవాడికే నా రాజ్యం" అన్నారు రాజుగారు. పెద్దవాడు వెళ్లి తాడిచెట్టయ్యాడు. నడిపివాడు వెళ్లి తుమ్మచెట్టయ్యాడు. మూడోవాడు బయల్దేరాడు. దారి పొడుగునా జనం హారతులిచ్చారు. "మా తండ్రే, ఎంత ధైర్యమో!" అంటూ ఒక అవ్వ మెటికలు విరిచింది. నాగమల్లుడికి తల ఎత్తడం కష్టమైంది.

అడవి మొదట్లో ఒక ఉడుత ఎదురైంది. "ఎక్కడికి బాబూ, ఎందుకు?"

"రాజ్యం కోసం" అన్నాడు.

"అయితే నీకు ఇంతే చెబుతాను. మాంత్రికుడి ప్రాణం ఒక చిలక దగ్గర ఉంది" అని ఉడుత తొర్రలోకి దూరింది.

ఏటి ఒడ్డున ఒక కొంగ ఎదురైంది. "ఎక్కడికి బాబూ, ఎందుకు?"

"తండ్రి మాట కోసం" అన్నాడు.

"అయితే నీకు ఇంతే చెబుతాను. ఆ చిలక ఏడు సముద్రాల అవతల రాతిమేడలో ఉంది" అని కొంగ మళ్లీ ఒంటికాలి మీద నిలబడింది.

సముద్రపు ఒడ్డున ఒక ముసలి తాబేలు ఎదురైంది. "ఎక్కడికి బాబూ, ఎందుకు?"

నాగమల్లుడు అటూ ఇటూ చూశాడు. ఎవరూ లేరు. అయినా వంగి తాబేలు చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాడు. "ఆ వల కట్టింది నేను."

"చెవిలో చెప్పావు. పోనీలే, చెప్పావు కదా. ఎక్కు" అంది తాబేలు.

ఏడు సముద్రాలు దాటారు. రాతిమేడకు కాపలా లేదు, తలుపుకు గడియ లేదు. లోపల పంజరంలో చిలక. దాని కాలికి కోసిన తాడుముక్క, ఆ తాడుకు ముడి.

నాగమల్లుడు ఆ ముడిని పోల్చుకున్నాడు. అతని చెంపలు మండాయి.

"గుర్తుపట్టావే!" అంది చిలక. "పొదలో పడి ఉంటే వాడు నన్ను ఏరుకున్నాడు. వాడి ప్రాణం నాలో లేదు, ఈ ముడిలో ఉంది. నన్ను చంపితే అది వాడి దగ్గరికే పోతుంది. ముడి వేసినవాడు, నేనే వేశానని పదిమందిలో నోరు విప్పి చెప్పి విప్పితే తప్ప ఇది ఊడదు."

వెనక నుంచి ఎవరో పకపకా నవ్వారు. ధూమకేశుడు గడప మీద కూర్చుని ఉన్నాడు.

"కొండ గుహలు చూశాను, పాముల పుట్టలు చూశాను. ప్రాణం దాచడానికి నీ నోటికన్నా గట్టి చోటు కనిపించలేదు, రాకుమారా. తీసుకుపో ఆ చిలకను. నేనూ వస్తాను. మీ నాన్న ముందు నువ్వు నీళ్లు నమలడం చూడాలని సరదాగా ఉంది!"

అలా ముగ్గురూ తిరిగి వచ్చారు. తోటలో మోడు చెట్ల మధ్య రాజుగారు, మంత్రులు, ఊళ్లోవాళ్లు పోగయ్యారు.

"నా సింహం వచ్చింది!" అని రాజుగారు కొడుకును కౌగిలించుకున్నారు. "చిలకను తెచ్చాడు! ఇక మెడ విరిచెయ్యి నాయనా!"

"విరిచెయ్యండి! విరిచెయ్యండి!" అన్నారు జనం. మాంత్రికుడు మాత్రం చేతులు కట్టుకుని నవ్వుతూ నిలబడ్డాడు.

నాగమల్లుడు ఆ నవ్వు చూశాడు. తండ్రి ముఖంలోని గర్వం చూశాడు. ఆ గర్వం ఇంకొక్క క్షణమే ఉంటుందని అతనికి తెలుసు. చిలకను ఒళ్లో పెట్టుకుని కింద కూర్చున్నాడు. కూర్చునే చెప్పాడు.

"నాన్నగారూ, గున్నమామిడికి వల కట్టింది బొల్లయ్య కాదు. నేను. ఈ చిలక కాలికి ముడి వేసింది నేను. బొల్లయ్యను వెళ్లగొడుతుంటే నోరు మూసుకుని చూసిందీ నేనే."

రాజుగారు కొడుకు దగ్గర్నుంచి ఒక అడుగు వెనక్కి వేశారు. మాంత్రికుడి నవ్వు ఆగిపోయింది. "ఒరే, ఆగు!" అని ముందుకు దూకాడు. అప్పటికే నాగమల్లుడి వేళ్లు ముడి విప్పేశాయి. ధూమకేశుడు దూకినవాడు దూకినట్టే పొగై, గాలిలో కలిసిపోయాడు.

చెట్లు ఒళ్లు విరుచుకుని మనుషులయ్యాయి. తాడిచెట్టు పెద్దన్న అయింది, తుమ్మచెట్టు చిన్నన్న అయింది. వాళ్లు తమ్ముణ్ణి ఏదో అనబోయి, అతని ముఖం చూసి మానుకున్నారు. నేరేడు చెట్టు చెంగల్వ అయింది. ఆమె చుట్టూ చూసి అడిగిన మొదటి మాట, "మా నాన్నేడీ?"



"నేను తీసుకొస్తాను" అన్నాడు నాగమల్లుడు.

"పంపేటప్పుడు ఈ నోరు ఎక్కడుంది?" అంది చెంగల్వ.

అతను చిలకను కొమ్మ మీద వదిలి, గుర్రం కూడా అడగకుండా పొలిమేర వైపు నడిచాడు.

పిల్లలు పెళ్లి ఎప్పుడని అడుగుతారు కాబట్టి ముందే చెప్పేస్తాను. పెళ్లి జరిగింది. చెంగల్వ ఒక ఏడాది ఆలోచించుకుని సరేనంది. నాగమల్లుడికి రాజ్యం వచ్చింది. వాళ్లు మనవల్ని, మునిమనవల్ని చూసేదాకా చల్లగా ఏలారు. కానీ అవన్నీ తరవాతి మాటలు.

ముడి విప్పిన కొన్నాళ్లకు నాగమల్లుడు పొలిమేర అవతల ఒక రాళ్లసీమ ఊరు చేరాడు. ఊరి చుట్టూ కొత్తగా నాటిన మామిడి మొక్కలు, మొక్క మొక్కకూ ముళ్లకంప కట్టి ఉంది. నీళ్లు పోస్తున్న ఒకావిడను బొల్లయ్య గురించి అడిగాడు.

"బొల్లయ్య తాతా? అదుగో, ఆ గట్టు అవతల గుంటలు తవ్వుతున్నాడు" అంది ఆవిడ. "మీ దేశపు చిన్న యువరాజు పంపాడట గదా బాబూ, మా ఊరికి తోట వేసిపెట్టమని. తాత రోజూ చెబుతుంటాడు. ఆ బాబుది ఎంత మంచి మనసో!"